బకెట్లో వయ్యారిభామ

ఆ కలుపు మొక్కకి వయ్యారిభామ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, పాలాయన భార్య చేతికి చిక్కితే అతగాడి పని అయిపోయేది. పచ్చికబీడు నిండా అదే! ఆవులు దాన్ని మేస్తే పాలు చేదెక్కుతాయి. ఈ ఏడు కూడా చేదుగా ఉంటే మీ పాలు మాకొద్దని పాలకేంద్రం వాళ్లు మొహమ్మీదే చెప్పేశారు. పాలు అమ్ముడుపోకపోతే ఆవుల్ని అమ్ముకోవాల్సిందే.

"దీన్ని మన బీట్లోకి తెచ్చిన దరిద్రుడెవడో, వాడి చేతులు పడిపోను!" అంటూ ఆవిడ మొక్కకో తిట్టు చొప్పున పీకేది. పక్క వరసలో పాలాయన కిక్కురుమనకుండా పీకేవాడు. ఆ దరిద్రుడు ఆయనే మరి! ముప్ఫై ఏళ్ల కిందట, పెళ్లైన కొత్తలో, రైలుకట్ట పక్కన తెల్లగా పూసి కనిపిస్తే ముచ్చటపడి ఇంత గుత్తి కోసుకొచ్చి పెళ్లాం చేతిలో పెట్టాడు. ఆ సంగతి ఆవిడ ఏనాడో మరిచిపోయిందని ఆయన ధీమా.

చివరికి కలుపు నివారణ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి గమ్‌బూట్లు వేసుకుని దిగింది. బీడంతా తిరిగి చూసింది.

"పూత రాకముందే వేళ్లతో సహా పీకేస్తున్నారు. అయినా ఏటా ఇంత మొలుస్తోందంటే, దగ్గర్లోనే ఏదో మొక్క గింజలు రాలుస్తోంది బాబాయ్. అసలిది మొదట ఎలా వచ్చిందో గుర్తుందా?"

పాలాయన ఇంకో మొక్క మీదికి వంగాడు. "అబ్బే, గాలికి వచ్చుంటుందమ్మా."

ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. పాకలు, చావిళ్లు, గడ్డివామి అన్నీ గాలించి పాలు పితికే షెడ్డు వెనక ఆగిపోయింది. అక్కడొక చిల్లు బకెట్లో నిలువెత్తు వయ్యారిభామ విరగబూసి ఉంది. పక్కన ఆసరాగా పుల్ల కట్టారు. పొద్దున్నే నీళ్లు కూడా పోసినట్టున్నారు.

"ఇదెవరి పెంపకం?"

"నాకేం తెలీదు తల్లీ!" పాలాయన కంగారుగా చేతులూపాడు. "నేను తెచ్చింది ఆ గుత్తి ఒక్కటే! బకెట్ సంగతి నాకస్సలు తెలీదు!"

అన్నాక గానీ ఏం అన్నాడో ఆయనకే తెలియలేదు. బిక్కచచ్చిపోయి, వెనకే వచ్చిన భార్య వంక చూశాడు. ఆవిడ మొహం అప్పటికే ఎర్రబడిపోయి ఉంది.

"నాదే" అంది నేల చూపులు చూస్తూ. "ఆ గుత్తి ఎండిపోతే పారేయబుద్ధి కాలేదు. గింజలు బకెట్లో చల్లుకున్నా. ఏటా ఒక్కటంటే ఒక్క మొక్కే ఉంచుకున్నా."

"ఆ ఒక్కటే వేలకి వేల గింజలు రాలుస్తుంది పిన్నీ!"

పాలాయనకి మాత్రం ఒళ్లు మండిపోయింది. "అన్నీ తెలిసే ముప్ఫై ఏళ్లు నన్ను తిట్టిపోశావా?"

"తిట్టనా మరి? ఆ తర్వాత మళ్లీ ఒక్క పువ్వైనా తెచ్చిన పాపాన పోయారా?"

ఆవిడ వంగి బకెట్లో మొక్కని వేళ్లతో సహా పీకి, ఒక్క పువ్వూ రాలకుండా మెల్లగా సంచిలో పెట్టి మూతి కట్టేసింది. బీడు ఇక శుభ్రపడుతుందని, పాలకేంద్రంతో తానే మాట్లాడతానని ఆఫీసు అమ్మాయి చెబుతూనే ఉంది. వినడానికి పాలాయన అక్కడుంటేగా! చెప్పులు కాళ్లకి తగిలించుకుని గేటు వైపు పరుగు తీస్తున్నాడు.

"ఏమండీ, ఎక్కడికి?"

"పూలకి!"

"బాబాయ్!" ఆఫీసు అమ్మాయి గావుకేక పెట్టింది. "ఇంట్లోకి తెచ్చే ముందు నాకోసారి చూపించండి!"

"గులాబీలమ్మా! కొట్లో కొంటా!"

పాలాయన భార్య చేతి తొడుగులు విప్పి పారేసి, ఆ చిల్లు బకెట్‌ని బోర్లించి దాని మీద కూలబడి, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా పకపకా నవ్వింది.