కళ్ళు మూసుకున్నప్పుడు లేచిన చెయ్యి

సువార్త సంచి సర్దడం కరుణమ్మ పని. కరపత్రాలు, కంజీర, మైకుకు బ్యాటరీలు, పిల్లలకు బిస్కెట్లు పెట్టింది. వాన రావచ్చని గొడుగు, కరెంటు పోవచ్చని టార్చిలైటు, ఎవరైనా పడిపోవచ్చని దూదీ మందూ కూడా కుక్కింది. నాచారం నుంచి పీర్జాదిగూడ ఎంత దూరమని? అయినా గడప దాటిన మనిషి తిరిగొచ్చేదాకా ఆమెకు ముద్ద దిగదు.

"మనం వెళ్ళేది అరణ్యవాసానికి కాదండీ కరుణమ్మగారూ," అన్నాడు దేవదానం పాస్టరు. గుంటూరు వైపు మనిషి. మాటల్లో తీపి, కాళ్ళల్లో చక్రాలు.

రెండువేల ఆరు అది. పీర్జాదిగూడలో ఎటు చూసినా అపార్టుమెంట్లు లేస్తున్నాయి. వాటిని కట్టే కూలీలకు వాక్యం చెప్పడానికి పాస్టరు వారం వారం వెళ్ళేవాడు. పాత విశ్వాసుల గడప మాత్రం తొక్కి ఎన్నాళ్ళయిందో!

"ఉప్పల్ల నర్సమ్మక్కకు మోకాళ్ళు వట్టుకపోయినయి అయ్యగారూ. మన హాలేమో రెండో అంతస్తాయె. ఎండకాలం సంది మెట్లెక్కలే. ఒక్కపారి పోయి ప్రార్థన జేసి రాండ్రి."

"తొంభైతొమ్మిది గొర్రెల్ని విడిచి, తప్పిపోయినదాన్ని వెతకమన్నాడు కదమ్మా ప్రభువు!"

"ఆ తొంభైతొమ్మిదింట్ల ఒకటి కుంటిదైతే?"

పాస్టరు నవ్వి బండెక్కాడు.

నర్సమ్మ అసలు పేరు వెంకటనర్సమ్మ. బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకోమంటే "మారిస్తే దేవుడు నన్నెట్ల గుర్తువడతడు?" అని ఒప్పుకోలేదు. సంఘం రేకుల షెడ్డులో ఉన్ననాటి మనిషి. ఇప్పుడామె అలిగింది. "నెలాఖరుకల్లా ఎవ్వలు రాకుంటే మా కోడలు వోయే చర్చికి వోత," అని కబురంపింది. కరుణమ్మకు దిగులు పట్టుకుంది. ఎవరు వెళ్ళిపోతామన్నా ఆమెకు అంతే.

ఆ దిగుల్లోనే ఉపాయం తట్టింది. పీర్జాదిగూడ మీటింగు చివర, కొత్తగా నమ్మినవాళ్ళు చెయ్యెత్తాలి. సిగ్గుపడకుండా ఎత్తాలని పాస్టరు అందర్నీ కళ్ళు మూసుకోమంటాడు, తానూ మూసుకుంటాడు. కళ్ళు తెరుచుకుని, ఎత్తినవాళ్ళను చూసి చెప్పేది కరుణమ్మ ఒక్కతే. ఎత్తినవాళ్ళింటికి పాస్టరు వారం తిరక్కుండా వెళ్ళి తీరతాడు. అయితే ఎత్తని చేతిని ఎత్తిందనడం పాపం. కాబట్టి నిజంగానే ఎత్తించాలి.

మరుసటి వారం నర్సమ్మను ఆటోలో పీర్జాదిగూడకు తెచ్చి, కొంగు ముక్కుదాకా లాగి ఇటుకల పక్కన కూర్చోబెట్టింది.

"ఏందే పిల్లా, కోళ్ళు దొంగతనం జేయనీకె తెచ్చినవా?"

"సప్పుడు జేయకక్కా. నేను దగ్గంగనే చెయ్యి లేపు."

అందరూ కళ్ళు మూసుకున్నారు. కరుణమ్మ దగ్గింది. నర్సమ్మ చెయ్యి లేపింది. ఎందుకైనా మంచిదని రెండోదీ లేపింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి సిమెంటు అంటిన చెయ్యొకటి లేచింది. అతను మొగిలయ్య, పాలమూరు నుంచి వచ్చిన కూలి. పక్కన భార్య.

"అమ్మా, మా గుడిసెకు గూడ వస్తరా?" అని అడిగాడు తర్వాత.

"ఎందుకు రాం బిడ్డా!"

ఆ శుక్రవారం పాస్టరూ కరుణమ్మా బయలుదేరారు. ముందు ఉప్పల్, అక్కణ్ణుంచి మొగిలయ్య దగ్గరికి. తలుపు తీసింది నర్సమ్మ.

"మీ ఇల్లా? ఇక్కడెవరో కొత్త విశ్వాసి ఉన్నారన్నారే?"

"నేనే అయ్యగారూ. పాతదానింటికి మీరు రారాయె. గందుకే కొత్తగ నమ్మిన."

పాస్టరు కరుణమ్మ వైపు చూశాడు. కరుణమ్మ గోడ మీద క్యాలెండరు వైపు చూసింది. ఆయన నవ్వాడు, నవ్వి నవ్వి కళ్ళొత్తుకున్నాడు. తర్వాత చాలాసేపు ప్రార్థించాడు. నర్సమ్మ సర్వపిండి పెట్టింది, పాటలు పాడించింది, రేకుల షెడ్డు నాటి కథలన్నీ చెప్పింది. ఈలోగా వాన పట్టుకుంది.

"మొగిలయ్య దగ్గరికి వచ్చేవారం వెళ్దాం," అన్నాడు పాస్టరు.

ఆయన ఏం చేసినా పూనకమే. ఉప్పల్ వెళ్ళాడని తెలిసి మౌలాలి వాళ్ళు అలిగారు, ఆ వెంటనే కాప్రా వాళ్ళు. నాలుగు వారాల్లో సంఘమంతా కుంటడం మొదలుపెట్టింది. సాయంత్రాలన్నీ ఇళ్ళు తిరగడానికే సరిపోయాయి. ఆరాధనకు కింది అంతస్తులో గది దొరికింది, నర్సమ్మ ముందు వరసలో కూర్చుంది. పీర్జాదిగూడకు బండి కదల్లేదు.

"మొగిలయ్యోళ్ళింటికి ఎన్నడు వోదాం అయ్యగారూ?"

"వెళ్దామమ్మా. మనవాళ్ళను ముందు చూసుకోవాలని మీరే కదా చెప్పింది!"

చివరికి కరుణమ్మ ఒక్కతే ఆటో ఎక్కి వెళ్ళింది. అపార్టుమెంటుకు రంగులు కూడా వేసేశారు. గుడిసెలు లేవు.

"గాళ్ళా?" అన్నాడు వాచ్‌మన్. "ఐతారం ఐతారం తానం జేసి, ఆలుమొగలు గేటుకాడ కూసుండేటోళ్ళు. ఎవరో వస్తరని. పని ఒడిసింది, వోయిన్రు."

"యాడికి?"

"నాకేం ఎరుక?"

మొగిలయ్య, అతని భార్య రెండువేల ఏడు ఫిబ్రవరిలో పీర్జాదిగూడ విడిచి వెళ్ళారు. తిరిగి రాలేదు.