తడిగడ్డి

కత్తి సరిగా దిగలేదు. పంది మెడలో కత్తితోనే విదిలించుకుని లేచి, పట్టుకున్నవాళ్లను తన్ని పడేసి, పెరడంతా పరుగు పెట్టింది. మంచు మీద ఎర్రటి చారలు పడ్డాయి. దాని అరుపు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

"ఇక్కడెవరో జాలిపడుతున్నారు," అంది పక్కింటి ముసలి అగాఫియా, తలగుడ్డ బిగించుకుంటూ. "జాలిపడేవాళ్లు దగ్గరుంటే దానికి ప్రాణం పోదు. ఎవరో గానీ లోపలికి పొండి."

జంఫీరా లోపలికి పోలేదు. జాలిపడుతున్నది తనే. కాకపోతే ఆ జాలి పంది మీద కాదు, మొగుడు ఇఫ్తీమె కుడిచేతి మీద. ఏటా క్రిస్మస్ ముందు పందుల్ని కోసే ఇగ్నాత్ పండగకి ఊళ్లో పందులన్నిటినీ ఒక్క పోటుతో పడగొట్టిన చెయ్యి అది. ఇప్పుడు చెంచా కూడా పట్టలేక, వంకర వేళ్లతో కోటు జేబులో దాక్కుంటోంది. పాపం ఇఫ్తీమె ఎడమచేత్తో పొడిచాడు.

పంది కంచె మూలన ఇరుక్కుంది. జంఫీరా దాని మెడను మోకాలితో అదిమిపెట్టి, కత్తి లాగి మళ్లీ దింపింది. నెత్తురు మోచేతిదాకా చిమ్మింది. ఆ చలిలో ఆ వేడి హాయిగా తగిలి, తన మీద తనకే రోత పుట్టింది.

ఇంట్లో వెచ్చదనం అన్న మాట మరిచిపోయి చాలాకాలమైంది. తమ మోల్దోవా పడమటి దేశాలవైపు చూస్తోందని తూర్పున ఉన్న పెద్దదేశానికి కోపం వచ్చింది, ఇళ్లని వెచ్చబెట్టే గ్యాస్ ఆకురాలే కాలంలోనే ఆగిపోయింది. పెద్దల కోపం పెద్దల దగ్గరే ఉండిపోతే ఎంత బాగుండును. అది గొట్టాల వెంట దిగివచ్చి జంఫీరా మనవరాలి ఉయ్యాల దగ్గర ఆగింది. కోట్లన్నీ కప్పినా ఆ పసిది రాత్రంతా దగ్గుతూనే ఉంది.

కొడుకు గెనాదియె పంది మీద గడ్డి పరిచి అగ్గిపుల్ల గీశాడు. బొచ్చు కాల్చాలి. గడ్డి తడిసిపోయి ఉంది. పొగ వచ్చింది గానీ మంట రాలేదు.

అప్పుడే గేటు తోసుకుని త్రోఫిం వచ్చాడు, వెనకాల మంచుబండి లాక్కుంటూ. బండి మీద నిండు గ్యాస్ సిలిండరు. త్రోఫిం ఆ ఊళ్లో తూర్పువాళ్లకి కావలసిన పార్టీ మనిషి. అంతకంటే ముఖ్యం, గెనాదియె పెళ్లిలో కొవ్వొత్తి పట్టిన పెళ్లిపెద్ద. అలాంటి మనిషి మాట ఆ ఊళ్లో ఎవరూ తీసెయ్యరు.

"తడిగడ్డితో ఏం కాలుస్తావురా గెనాదియె? ఇదిగో, తెచ్చాను. పందిని కాల్చాక ఇంట్లో పెట్టుకోండి. పాపకి వెచ్చగా ఉంటుంది."

అందరూ సిలిండరు వైపే చూశారు. జంఫీరా కూడా చూసింది, ఆశగానే చూసింది.

"రేపు పొద్దున్నే రాజధానిలో ధర్నాకి బస్సుంది, గెనాదియె, నువ్వెక్కాలి," అన్నాడు త్రోఫిం తాపీగా. "సర్కారు దిగిపోతే గొట్టాలు తెరుస్తామని అటునించి కబురొచ్చింది."

"పోయినసారీ వచ్చింది ఆ కబురు," అన్నాడు ఇఫ్తీమె. జేబులోంచి చెయ్యి తీశాడు. "ఇదీ వచ్చింది."

"అది విరగ్గొట్టింది నేనా బావా? మీ సర్కారు పోలీసులు."

"వాళ్లే. వాళ్లని వెనకేసుకొచ్చానా? నువ్వు మాత్రం లాఠీలు కనపడకముందే బస్సు దిగిపోయావు."

గెనాదియె సిలిండరు మీద చెయ్యి వేశాడు. ఇఫ్తీమె అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"జరుగు నాన్నా."

"వద్దురా."

"నీ చెయ్యి పోయిందని పాప ఊపిరి కూడా పోవాలా? జరగమంటున్నానా!"

ఒక్క తోపు తోశాడు. ఇఫ్తీమె నెత్తుటి మంచు మీద పడ్డాడు, సరిగ్గా ఆ చేతి మీదే. లోపల ఏదో విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అతను అరవలేదు. నోట్లో కోటు కాలరు కుక్కుకుని కొరుకుతూ ఉండిపోయాడు. గెనాదియె తన రెండు చేతులకేసి చూసుకున్నాడు.

త్రోఫిం నవ్వాడు. "పౌరుషం ఉంది కుర్రాడికి. ఇలాంటివాళ్లే కావాలి మాకు. కానియ్యి వదినా, పొయ్యి సంగతి చూడు. తొలి ముక్క పెళ్లిపెద్దదే కదా."

జంఫీరా కత్తి పట్టుకునే లేచింది.

"నీకు ముక్క లేదు."

అగాఫియా గుండె మీద శిలువ గీసుకుంది. "అదేం మాటే? పంది ఆత్మకి పెట్టే కూడు అది. ఇవాళ గడప లోపలికొచ్చిన శత్రువుకైనా పెట్టాలి. లేదంటే దాని ఉసురు ఇంటికి తగులుతుందే తల్లీ."

"తగలనీ అత్తా. తగలడానికింక ఏం మిగిలిందని?"

"కొవ్వొత్తి పట్టినవాణ్ణి," అన్నాడు త్రోఫిం. ఇప్పుడతని మొహంలో నవ్వు లేదు. "నన్నా వెళ్లగొడతావు?"

"పెళ్లికి పట్టావు. వాడి చావుకి కూడా నువ్వే పట్టాలనా?"

ఆమె మంచుబండిని కాలితో గేటు అవతలికి తన్నింది. సిలిండరు దొర్లి, మంచులో సగం కూరుకుపోయి ఆగింది. లోపల పసిదాని దగ్గు వినిపిస్తూనే ఉంది. తను చేసింది తప్పో ఒప్పో తెలియదు, కానీ మళ్లీ అదే చేస్తుంది.

త్రోఫిం సిలిండరు ఎత్తుకోలేదు. "ఇక్కడే ఉంటుందిది. పొద్దున బస్సూ ఇక్కడే ఆగుతుంది. వస్తాడో రాడో వాణ్ణి అడుగు," అని వీధిలోకి నడిచాడు.

ఎవరూ అడగలేదు. అగాఫియా, జంఫీరా కలిసి ఇఫ్తీమెని లేపి గోడకి ఆనించి కూచోబెట్టారు. గెనాదియె గేటు దాకా వెళ్లాడు. సిలిండరు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తరవాత ఉత్త చేతులతో వెనక్కి వచ్చి, తండ్రి మొహం చూడలేక, పంది పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

తడిగడ్డి ఇంకా పొగ కక్కుతూనే ఉంది. వంగి ఊదడం మొదలుపెట్టాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, పొగకో మరి దేనికో. జంఫీరా కత్తి దించకుండా అతన్నీ, గేటునీ చూస్తూ నిలబడింది. మంట ఇంకా అంటుకోలేదు.