పీట మింగిన పేరు

శనివారం వచ్చిందంటే బోధన్‌లో ఆ వాడ ఆడవాళ్లు చెక్కసామాను ముందరేసుకుని కూర్చునేవారు. తెడ్లు, కవ్వాలు, రొట్టెల పీటలు కడిగి, నీడకు ఆరబెట్టి, గోరువెచ్చని కుసుమనూనెతో రుద్దేవారు. నూనె ఇంకగానే చెక్క తన మీద పడ్డ మాటలు తిరిగి చెప్పేది. "ఉప్పెక్కువైందే", "పొయ్యి ఊదు", ఇట్లాంటివే. ఎవరి తెడ్డు ఎవరిని తిట్టిందో విని నవ్వుకుని, మిగిలిన నూనె తుడిచి, సామాను లోపల పెట్టుకునేవారు.

రూతమ్మ మాత్రం కొంతకాలంగా వాళ్ల పీటకు నూనె చూపించలేదు. "రేపు రాస్త అవ్వా" అని తల్లి మాట దాటేస్తోంది. మోస్రా ఊరి మోషేకు బిడ్డను ఇస్తానని బాపు మాటిచ్చాడు. ఆ మోషే, చెరుకుబండ్ల వరుసలో కూలబడ్డ ఎద్దును ముల్లుకర్రతో కంట్లో పొడవడం ఆమె చూసింది. "నాకొద్దు" అన్న మాట మనుషులకు చెప్పే ధైర్యం లేక, రొట్టెలు కొడుతూ పీటకు చెప్పుకుంది. ఎండిన చెక్క నోరు విప్పదు కదా! కానీ ఎండి ఎండి పీట నడుమ పగిలింది.

లగ్గం ఖాయం చేయడానికి మోషే మేనత్త నర్సవ్వ వచ్చింది. "ప్రభువుకు స్తోత్రం" అంది రూతమ్మ తల్లి జ్ఞానమ్మ. మొగుని పేరు ఏసయ్య. మొగుని పేరు పలకకూడదు గనక, పెండ్లయిన నాటి నుంచి ఆమె ప్రార్థనలో కూడా ఆ మాట అనలేదు.

నర్సవ్వ కళ్లు నేరుగా వంటింట్లోకి పోయాయి.

"ఏంది వదినే, పీట గిట్ల నోరు తెరిచింది? నీ బిడ్డ మా సామాను గూడ గిట్లనే సూస్తదా?"

"పుట్టింటి నుంచి తెచ్చుకున్నది వదినే, పాతది..."

రూతమ్మ లేచేలోపే నర్సవ్వ నూనె వెచ్చజేసి పగులు నిండా పోసింది. పైపైన రుద్దే నూనె కాదది, ఎన్నడూ నూనె తగలని అడుగుదాకా దిగింది. ఇక తన మాట బయటపడ్డట్టే అనుకుంది రూతమ్మ.

పీట గుటక వేసింది. "ఏసయ్య..." అంది, ఆడపిల్ల గొంతుతో.

"ప్రార్థన!" నర్సవ్వ ముఖం వెలిగింది. "రొట్టె కొట్టుకుంట గూడ ప్రార్థన జేస్తదా పిల్ల!"

"ఏసయ్య నాకొద్దు."

"అయ్యో! ప్రభువునే వద్దంటదా!"

"నవీపేట ఏసయ్య నాకొద్దవ్వా. నీ కాళ్లు మొక్కుత, నన్నియ్యకు."

చక్కెర ఫ్యాక్టరీ డ్యూటీ దిగొచ్చి గడపలో చాయ్ తాగుతున్న బాపు చేతిలోంచి సాసరు జారి పగిలింది. నవీపేట ఏసయ్య అంటే ఆయనే. ఆ గొంతు రూతమ్మది కాదు, పెండ్లికి ముందటి జ్ఞానమ్మది. పెండ్లాం నోట తన పేరు ఎట్లుంటదో ఆయన మొదటిసారి విన్నాడు. విన్నది ఇట్లా!

జ్ఞానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏసయ్య ఆమె వైపు చూడలేక బిడ్డను చూశాడు.

"రూతా, నువ్వు గూడ దీనికేమన్న చెప్పినవా?"

రూతమ్మ తల ఊపింది. పీట ఇంకో గుటక వేయబోతుంటే ఏసయ్య దాని మీద అరచేయి అదిమిపెట్టాడు.

"నువ్వాగు. నా బిడ్డను చెప్పనీ."

"నాకొద్దు బాపూ!" అంది రూతమ్మ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే అదిరిపడింది.

"పిల్లనియ్యను అక్కా," అన్నాడు ఏసయ్య, నర్సవ్వతో.

"పీట మాటకు లగ్గం ఇడిసిపెడ్తవా!"

"పెండ్లాం మాట గప్పుడు వినకపోతి. బిడ్డ మాట గిప్పుడన్న వింట."

తర్వాతి శనివారం పీటకు నూనె ఏసయ్యే రాశాడు. ఇంకేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. చివరికి జ్ఞానమ్మ ఇప్పటి గొంతు మెల్లగా పైకొచ్చింది.

"ఏసయ్యా, బువ్వ సల్లారవట్టె."

ఈసారి అది ప్రార్థన అని ఎవరూ అనుకోలేదు.