గీతల్లో లేని వారం

రాఘవమ్మకి నోరు పూసిందంటే ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మిరప కోతల కాలం. రోజంతా కల్లంలో కాయల మధ్య కూర్చుని రంగు తేలిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లకి నోరు మండకపోతేనే వింత. మజ్జిగ తాగమన్నారు, నెయ్యి రాసుకోమన్నారు. భర్త వెంకటనారాయణ రెండూ చేయించాడు.

ఆయన పట్టిన పట్టు వదలని మనిషి. కీళ్లవాతంతో భార్య వేళ్లు ముడుచుకుపోతే చిలకలూరిపేటలో డాక్టరుకి చూపించి మందులు తెచ్చాడు. అక్కడి మందుల షాపులో ఒక పద్ధతుంది. ఇంగ్లీషు రానివాళ్లకి మాత్రల అట్ట మీద పెన్నుతో గీతలు పెట్టి ఇస్తారు. ఒక గీతైతే రోజుకొకటి, రెండు గీతలైతే రెండు పూటలా. రాఘవమ్మ అట్ట మీద ఒక్క గీతే ఉంది. ఇంతకన్నా తేలికైన వైద్యం ఏముంటుంది? రోజూ టిఫిను కాగానే ఆయనే దగ్గరుండి మింగించేవాడు.

పూత గొంతులోకి దిగాక ఆమె మాత్ర వద్దని మొరాయించింది. ఇది మొదలుపెట్టాకే నోరు ఇలా అయిందని కూడా అంది. ఆయన విరుచుకుపడ్డాడు. మిరప ఘాటుకి మాత్రని తిట్టడమేమిటి, అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, అన్నాడు. దవడ పట్టుకుని మరీ వేశాడు. ఆమె కళ్లనీళ్లతో మింగింది.

ఒకరోజు కల్లంలోనే కూలబడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, చేతుల మీద కమిలిన మచ్చలు. పక్కింటి సుభానీ ఆటోలో గుంటూరు ఆసుపత్రికి చేర్చారు. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ఏం వాడుతున్నారని అడిగితే వెంకటనారాయణ పేట డాక్టరు రాసిన చీటీ, ఖాళీ అట్టలు ముందు పెట్టి, నోరు పూసింది మిరప ఘాటుకేనని, మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా తప్పించలేదండీ అని గొప్పగానే చెప్పాడు.

ఆవిడ చీటీలో ఒకచోట వేలు పెట్టింది.

"ఇక్కడ ఓ డబ్ల్యూ అని రాశారండి. అంటే వారానికొకసారి. రోజూ వేస్తే ఒంట్లో రక్తం తయారవడమే ఆగిపోతుంది. ఆ నోటిపూత మిరపకాయల వల్ల కాదు, ఈ మాత్ర వల్లే."

వెంకటనారాయణ చీటీ అందుకుని ఆ అక్షరాల వైపు చూశాడు. పేట డాక్టరు రెండక్షరాలు గీకి ఊరుకున్నాడు. వారానికొకసారి అని పూర్తిగా రాస్తే ఆయన సిరా అయిపోతుందా? షాపువాళ్ల గీతల్లో అసలు వారానికి గుర్తే లేదు. మాత్ర ఒకటి కదా అని ఒక గీత గీసి పారేశారు. అందరి తప్పూ ఉంది. కానీ వద్దు వద్దంటున్న మనిషి నోట్లో వేసింది మాత్రం తన చెయ్యి.

బతుకుతుందా అని అడిగాడు. విరుగుడు ఇస్తున్నాం, రక్తం ఎక్కిస్తున్నాం, ఇప్పుడే ఏమీ చెప్పలేమంది డాక్టరమ్మ. వారం తర్వాత గానీ గండం గడిచిందన్న మాట చెప్పలేదు.

ఆ మాట చెప్పిన రోజే నర్సు, నోటి పుండ్లకి మందు చిన్న గిన్నెలో పోసి తాగించమని ఆయనకిచ్చింది. అదేమిటో, రోజుకి ఎన్నిసార్లో రెండేసిసార్లు అడిగి తెలుసుకుని, మంచం దగ్గరికి వెళ్లి గిన్నె ఆమె నోటి దగ్గర పెట్టాడు. రాఘవమ్మ పెదవులు బిగించింది. ముఖం పక్కకి తిప్పుకుంది.

"నువ్వొద్దులేవయ్యా," అంది గొంతు పెగుల్చుకుని. "ఆ అమ్మాయినే పొయ్యమను."

ఆమె గొంతులో కోపం లేదు, భయమే ఉంది. వెంకటనారాయణ గిన్నె నర్సు చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు.