ఆయన పేరున పడిన మార్పులు

“ఇంట్లో ఒకరి పేరుంటే చాల్లే, రెండు దేనికి?” అన్నాడు భర్త, ఆమె గిన్నెలు తోముతుండగా. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వంటేనే ఆమెకు భయం.

పొరపాటు ఆమెదే మరి. ఆమె కాలేజీలో పిల్లల చేత ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు రాయిస్తుంది. అక్కడ ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఎవరు ఏ మాట మార్చారో మాత్రం మార్పుల చరిత్రలో పేరుతో సహా ఉండిపోతుంది. వంటపని చేసుకుంటూనే ఇంటి కంప్యూటర్లో ఆ వ్యాసాలు దిద్దేది. అందులో ఎప్పుడూ తెరిచి ఉండేది భర్త ఖాతా. ఒక చెవి పొయ్యి మీది పాల దగ్గర, ఇంకో చెవి అత్తగారి పిలుపు దగ్గర; ఇక పైమూల ఎవరి పేరుందో చూసే తీరికేదీ? ఏడాది చాకిరీ అంతా ఆయన పేరున పడింది. అదే కాలేజీలో ఆయన శాఖాధిపతి. ప్రిన్సిపాల్ అందరి ముందూ మెచ్చుకుంటే ఆయన కాదనలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని లోలోపలే అనుకుని, ఆమె ఆ పూటా వడ్డించింది.

మెప్పు రుచి మరిగిన మనిషి ఊరుకుంటాడా? కాలిన గాయాలకు ప్రథమ చికిత్స గురించి ఒక విద్యార్థిని రాసిన వ్యాసంలో మొదటిసారి సొంతంగా ఒక వాక్యం చేర్చాడు: గాయం మీద వెంటనే టూత్‌పేస్ట్ పూయాలి. అది అత్తగారి వైద్యం. పోయినేడు వేడినీళ్ళు ఒలికినప్పుడు ఆమె చేతికీ అదే పూశారు. చీము పట్టింది. మచ్చ ఇంకా మోచేతి దాకా ఉంది. “మా అమ్మకు తెలీదా?” అని ఆయన గదిమితే అప్పుడు నోరు మూసుకుంది.

మర్నాడు ల్యాబ్‌లో ఆ అమ్మాయి ఆమె పక్కకు చేరి గొంతు తగ్గించింది. “మేడమ్, ఇది సార్ రాశారు. నేను తీసేస్తే నా మార్కులు...”

తీసేస్తే ఆయనకు తెలిసిపోతుంది. సాయంత్రం కంచం తోసేసే చప్పుడు, ఆ తర్వాత రోజుల తరబడి ఉలుకూ పలుకూ లేని ఇల్లు, అన్నీ ఆమె కళ్ళముందుకొచ్చాయి. ఉద్యోగం మాన్పిస్తానని ఇదివరకే అన్నాడు కూడా. పోనీ ఊరుకుంటే? ఎక్కడో ఒక తల్లి, కాలిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఫోన్లో ఈ వాక్యం చదువుతుంది. నమ్ముతుంది కూడా.

“నువ్వు ముట్టుకోకు. నేను తీస్తాను,” అంది.

తన ఖాతా తెరవబోతే పాస్‌వర్డ్ గుర్తు రాదే! ఏడాదిగా వాడితే కదా. తంటాలు పడి తెరిచింది, ఆయన వాక్యం తీసేసింది. మార్పుకు కారణం రాయమని తెర మీద అడిగితే, సొంత అనుభవం ఆధారం కాదని పిల్లలకు చెప్పేది తనే కనుక మచ్చ సంగతి రాయలేదు. వైద్య పుస్తకం పేరూ పేజీ సంఖ్యా ఇచ్చింది.

అక్కడితో ఆగిపోవచ్చు. అయినా అందరికీ కనిపించే వ్యాసం చర్చా పేజీ తెరిచి, ఆయన ఖాతా పేరు రాసి, దాని కింద తన పేరుతో ఇలా రాసింది:

“ఈ ఖాతా నుంచి ఇంతవరకూ జరిగిన దిద్దుబాట్లన్నీ నేను చేసినవి. ఇప్పుడు తీసేసిన ఈ ఒక్క వాక్యం మాత్రమే ఆయనది.”