మోదుగాకు స్తంభం

శ్రీరాంపూర్ రోడ్డు పక్కన పరశురాములు షెడ్డు ముందు స్తంభాల తలలు ఎండకు ఆరుతుంటాయి. దుబాయి సొమ్ముతో ఇల్లు కట్టే ప్రతివాడికీ గుమ్మం ముందు స్తంభాలు కావాలి, వాటి నెత్తిన వంకీలు తిరిగిన ఆకులు కావాలి. అది ఏ దేశపు ఆకో కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. అచ్చులో సిమెంటు పోస్తే దిగుతుంది, అంతే.

అతనికి పని నేర్పిన మొగిలి మేస్త్రికి అచ్చంటేనే ఒళ్లుమంట. వయసులో ఉన్నప్పుడు తమ ఊరి చర్చి వరండాకు చేతికందే పొట్టి స్తంభాలు ఆయనే చేశాడు. మిషనువాళ్లు ఇచ్చిన బొమ్మలో ఈ వంకీల ఆకే ఉందట. "నేను సూడని ఆకు నా చేతికెట్ల వస్తది?" అని మొగిలి అడవికి పోయి మోదుగ కొమ్మ తెచ్చి, దాన్ని చూస్తూ పచ్చి సున్నంలో తాపీ మొనతో ఆకులు తీశాడు. విస్తరాకు స్తంభమెక్కిందని ఊరంతా నవ్వింది. తర్వాత అదే ఊరు పెళ్లి ఫోటోలన్నీ వాటి పక్కనే దిగింది.

మొన్నీమధ్య మస్కట్ నుంచి వచ్చిన సదానందం, "అందరికున్నది నాకు వద్దు, గా చర్చి స్తంభమసొంటిది కావాలె" అన్నాడు. పరశురాములు చేత్తో ఆకు తీసి ఏళ్లు గడిచాయి. చర్చి స్తంభం మీదే అచ్చు తీస్తే పోలా అనుకుని, ఎవరూ లేని వేళ చూసి అక్కడికి వెళ్లాడు. అచ్చు తీసే ముందు సబ్బునీళ్లు బాగా పట్టించాలి, లేకపోతే అచ్చు కోసం పూసే రబ్బరు ఆకును కరుచుకుంటుంది. ఎవరైనా చూస్తారన్న తొందరలో పైపైన తుడిచి ఊరుకున్నాడు. లాగేసరికి అచ్చు చిరిగింది, దాంతోపాటు ఒక ఆకూ ముక్కలై రాలింది. షెడ్డు నుంచి వంకీల ఆకు తెచ్చి అక్కడ అతికించి, సున్నం పూసి, దొంగలా బయటపడ్డాడు.

ఆదివారం మొగిలి కూతురు క్యాథరిన్ ఫోన్ చేసింది. "అన్నా, బాపు స్తంభం కాడనే కూసున్నడు. లేస్తలేడు. నిన్నే పిలుస్తుండు."

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ వెళ్లాడు పరశురాములు. చూపు పోయినప్పటి నుంచీ ముసలాయన ప్రార్థన కాగానే తన స్తంభాలను తడిమి గాని ఇల్లు చేరడు. ఆ సంగతి ఎలా మరిచాడో!

"జర గీడ చెయ్యి పెట్టు బిడ్డా. గిదేం ఆకు?" అన్నాడు మొగిలి.

తను అతికించిన ఆకు మీదే చెయ్యి పెట్టాడు పరశురాములు.

"నేనే చేసినట్టున్న. వద్దు వద్దనుకుంటనే ఒక్క కాడ గా మిషనోళ్ల బొమ్మల ఉన్న ఆకు తీసిన. గిన్నేండ్లు అన్నీ మోదుగాకులేనని ఊరంత చెప్పుకున్న. దేవుని ఇంట్ల అబద్ధమాడిన గద." చూపులేని కళ్ల నుంచి నీళ్లు కారాయి.

పరశురాములు ఆయన కాళ్ల మీద పడ్డాడు. "కాదు ఉస్తాద్! నేనే ఇరగ్గొట్టిన. అచ్చు తీయవోయి ఇరగ్గొట్టి, నా షెడ్డుల ఆకు అతికించిన. నా పిల్లల మీద ఒట్టు."

మొగిలి చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని నెత్తి మీద ఆగింది. "నన్ను ఏడ్వనియ్యొద్దని నా తప్పు నీ మీదేసుకుంటున్నవా కొడుకా? నా చేతికింద పెరిగినోడు నా స్తంభానికి అచ్చు తీస్తడా? నేను నమ్మ."

పరశురాములు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు కూడా తన కోసమే అనుకున్నాడు ముసలాయన.