పాలిష్ మిస్త్రీ మొహం

తాడిపత్రిలో బండకు నునుపు తేవడంలో తనను మించినవాడు లేడని ఆంజి చెప్పుకునేవాడు. గొప్పలేం కాదు లెండి, తక్కిన మిస్త్రీలు కూడా కాదనరు. గరుకు సానబిళ్లతో మొదలుపెట్టి, నీళ్లు పోస్తూ, మెత్తటి బిళ్లలు మార్చుకుంటూ రుద్దుకుపోతే ఎంత మొండి బండయినా దారికొస్తుందని అతని నమ్మకం. పదిహేనేళ్లుగా అన్నం పెడుతున్న నమ్మకం.

ముప్పై రెండేళ్ల వయసులో మొహం నిండా మొటిమలు లేచినప్పుడు కూడా దాన్నే నమ్ముకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మీసాలు మొలిచే వయసులో రానివి, ఇద్దరు బిడ్డల తండ్రయ్యాక వచ్చాయి. దవడల మీద, గడ్డం కింద, ఎర్రగా, ముట్టుకుంటే సలుపుతూ. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ ఓనరు జయరాం పిలిచాడు.

"ఏమప్పా ఆంజీ, ఉగాది దాటినాక బెంగళూరు పార్టీ వస్తాండాది. రాయి గురించి నువ్వే నిలబడి చెప్పల్ల. బాగా చెప్తే ఇంక నువ్వే హెడ్ మిస్త్రీ."

ఆంజి గుండెల్లో రాయి పడింది. ఉగాదికి ఇంకా మూడు నెలలుంది. ఈ మొహంతో నలుగురి ముందర నిలబడేదెట్లా?

ఇంటికొచ్చి రాతిపొడి జల్లెడ పట్టాడు. నిమ్మరసం కలిపాడు. పీచు తీసుకుని వారం రోజులు రుద్దాడు మహానుభావుడు. నునుపు రాలేదు సరికదా, మొహం కాల్చిన వంకాయలా తయారైంది. భార్య ఎలిజబెత్ చూసి కెవ్వుమంది.

"అది చర్మం అనుకుంటివా, బండ అనుకుంటివా? పద, అనంతపురం పోదాం!"

చర్మం డాక్టరమ్మ చాలాసేపు పరీక్షగా చూసింది. "రోజుకు రెండుసార్లు మెల్లగా కడుక్కోండి. రాత్రిపూట శనగగింజంత మందు పూయండి. ఈ మాత్రలు వేసుకోండి. గిల్లకూడదు, రుద్దకూడదు. మూడు నెలలు ఓపిక పట్టాలి" అంది.

"రుద్దకుండా ఎట్ల పోతాయి మేడమ్?" నిజంగానే అడిగాడు పాపం.

"రుద్దినందుకే ఇంత అయింది."

మొదటి నెల చర్మం పొరలుపొరలుగా లేచింది. ఆంజి చేతులు ఊరుకుంటేనా! టీ తాగుతుంటే వేలు దానంతటదే గడ్డం మీదికి పోయేది, ఎలిజబెత్ చటుక్కున చెయ్యి లాగేది. షెడ్డులో అందరూ తుడుచుకునే తువ్వాలు మానేసి సొంత గుడ్డ తెచ్చుకున్నాడు. పని దిగగానే దుమ్ము కడుక్కునేవాడు. "మళ్లీ పెండ్లికొడుకు అవుతాండావా?" అని తోటివాళ్లు ఆటపట్టించారు. ఒకరోజు విసుగొచ్చి మందు ట్యూబు గోడవతలికి విసిరేశాడు. మర్నాడు తనే కంపలో దిగి వెతుక్కున్నాడు. అన్ని వేల బండల్లో ఏదీ అతన్ని ఇంత ఏడిపించలేదు.

బెంగళూరు కంట్రాక్టరు వచ్చేనాటికి మొహం చాలామటుకు తేరుకుంది. మచ్చలున్నాయి. పైగా ఆ పొద్దున్నే, పిలిచి పీట వేసినట్టు, గడ్డం మీద కొత్తది ఒకటి లేచింది. ఆంజికి ధైర్యం చాల్లేదు. మొహానికి గుడ్డ చుట్టుకుని మిషను వెనక నిలబడ్డాడు. జయరాం రెండుసార్లు పిలిచి, లాభం లేక తమ్ముడి కొడుకు తేజను ముందుకు తోశాడు.

తేజ నల్లబండ మీద చెయ్యేసి, "ఇదంతా మిషనే చేస్తాది సార్. ఐదు నిమిషాల పని" అన్నాడు.

ఆంజికి ఒళ్లు మండింది. గుడ్డ లాగి పారేసి ముందుకొచ్చాడు.

"ఐదు నిమిషాలా? పూటంతా పట్టింది సార్. ఇది నా బండ. ఏ బిళ్ల యాడ ఆపల్లనో తెలీకుంటే మిషనుకిచ్చినా రాయి పాడవుతాది."

ఇక ఆగలేదు. బండ బండకూ తీసుకుపోయి చూపించాడు. కంట్రాక్టరు అంతా విని, ఆర్డరు జయరాంకిచ్చి, "పాలిష్ మాత్రం ఈయనే చెయ్యాల" అన్నాడు. జయరాం అక్కడికక్కడే హెడ్ మిస్త్రీ అని పిలిచేశాడు.

కంట్రాక్టరు ఆంజిని బండ పక్కన నిలబెట్టి ఫోన్లో ఫొటో తీసి చూపించాడు. మొహం నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు, మొటిమ లేదు.

"ఫోనే సాఫ్ చేసేస్తాది. బాగుందా?"

మూడు నెలల కిందటైతే ఆ ఫొటోను పటం కట్టించుకునేవాడు. ఇప్పుడు చిర్రెత్తుకొచ్చింది.

"అది తీసేయన్నా. మూడు నెలలు చేతులు కట్టేసుకుని తెచ్చుకున్న మొహం ఇది. ఫోను చేసిందంటే నేనొప్పుకోను. ఉన్నది ఉన్నట్టు తియ్."

కంట్రాక్టరు నవ్వి మళ్లీ తీశాడు. కొత్త మొటిమ కూడా పడేట్టు ఆంజి గడ్డం ఎత్తి నిలబడ్డాడు.